పాత పెట్టెల మీద ఇత్తడి పూత గొళ్ళేలు, మూలరేకులు బాగుచేసుకోవడం ఎలా

చేతిలో చింతపండు ఉంటే ముందు దాన్ని పక్కన పెట్టండి. ఇత్తడి తోమే పీతాంబరి పొడి డబ్బా కూడా.

తిరుపతి, చిత్తూరు వైపు ఇత్తడి అనగానే మనకు గుర్తొచ్చేది దీపపు సెమ్మెలు, హారతి పళ్ళేలు, బిందెలు. గోవిందరాజస్వామి గుడి దగ్గర అంగళ్ళలో వేలాడుతూ కనిపించే సామానంతా ఆ బాపతే. వాటిని చింతపండుతో తోమి తళతళలాడించడం చూస్తూ పెరిగాం కాబట్టి, అటక మీద నుంచి దించిన పాత ట్రంకు పెట్టె గొళ్ళెం నల్లగా కనబడగానే చెయ్యి అటే పోతుంది. బిందె అయితే లోపలిదాకా ఇత్తడే, ఎంత తోమినా ఇంకా ఇత్తడే బయటికొస్తుంది. పెట్టె గొళ్ళెం, సూట్‌కేసు క్లిప్పు, హార్మోనియం కొక్కెం, నగల పెట్టె బందులు, వీటిలో చాలావరకు ఇనుప రేకు మీద ఇత్తడి పూత మాత్రమే. మనిషి తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, అలంకారం కోసం వేసే ఇత్తడి పూత చాలాసార్లు ఒక మైక్రాను కూడా ఉండదు, పాతకాలపు మంచి సరుకులో అయితే కొన్ని మైక్రాన్లు ఉంటుంది. అంటే మీరు రుద్దుతున్న ప్రతిసారీ ఉన్నదాంట్లోంచే కొంచెం తీసేస్తున్నారు, మళ్ళీ వచ్చేది కాదు.

కాబట్టి ఈ పనిలో మెరుపు కోసం రుద్దకూడదు. మురికి పోయేదాకా తుడవాలి, అక్కడితో ఆపాలి. కింద చెప్పేదంతా ఆ ఆపడం ఎక్కడో తెలుసుకోవడానికే.

ముందు అది ఏమిటో తేల్చుకోండి

ఒక అయస్కాంతం తీసుకోండి. పాడైన స్పీకరులోదో, ఫ్రిజ్ తలుపుకు అంటించే బొమ్మ వెనకదో, ఏదైనా పర్వాలేదు. అతుక్కుంటే లోపల ఇనుము ఉంది, పైన పూత. అతుక్కోకపోతే వెంటనే గట్టి ఇత్తడి అని సంబరపడకండి, ఎందుకంటే జింకుతో పోత పోసి పైన ఇత్తడి పూత వేసిన హ్యాండిళ్ళు, పిడులు కూడా చాలా ఉంటాయి, వాటికీ అయస్కాంతం అతుక్కోదు. స్క్రూ విప్పి రంధ్రం అంచు చూడండి, లేదా వెనకవైపు ఎవరికీ కనబడని చోట సూదితో చిన్న గీత గీయండి. గీత లోపల కూడా పసుపే ఉంటే ఇత్తడి. బూడిద రంగో, తెల్లటి మెరుపో కనబడితే పూత. జింకు మీది పూతైతే ఇంకా జాగ్రత్తగా ఉండాలి, పులుపు తగిలితే జింకు ఇనుముకన్నా తొందరగా తినేసుకుపోతుంది.

గట్టి ఇత్తడి అని తేలితే మీరు అదృష్టవంతులు, చింతపండు వెనక్కి తెచ్చుకోండి, మీకు ఈ వ్యాసంతో పెద్దగా పని లేదు.

మూడో రకం ఒకటి ఉంది, ఎక్కువమందికి దెబ్బ తగిలేది ఇక్కడే. అసలు ఇత్తడే లేకుండా, తెల్లటి రేకు మీద బంగారు రంగు కలిపిన లక్కర్ (వార్నిష్ లాంటి పూత) పూసి ఇత్తడిలా కనిపించేట్టు చేసినవి. చవక రకం నగల పెట్టెల మీద ఇవి ఎక్కువ. ఇయర్ బడ్‌ను అసిటోన్‌లో ముంచి వెనకవైపు ఒక్కసారి రాసి చూడండి. బడ్‌కు బంగారు రంగు అంటుకుందంటే అక్కడే ఆగిపోండి, తడిగుడ్డతో తుడవడం తప్ప దానికి ఇంకేమీ చేయకూడదు. పాత రేడియోల ముందుభాగంలో ఉండే బంగారు రంగు పట్టీలు కూడా చాలాసార్లు ఇత్తడి కాదు, రంగు ఎక్కించిన అల్యూమినియమో, ప్లాస్టిక్ మీద రేకో. వాటి జోలికి ఈ పద్ధతితో వెళ్ళొద్దు.

ఇంకో సంగతి, పసుపు మధ్యలో అక్కడక్కడ వెండిలాగా తెల్లగా మెరిసే మచ్చలు కనబడితే అది మురికి కాదు. చాలా పూతల్లో ఇనుము మీద ముందు నికెల్ వేసి దాని మీద ఇత్తడి వేస్తారు. ఆ తెలుపు నికెల్‌ది, అంటే ఇత్తడి అప్పటికే అరిగిపోయింది. దాన్ని ఎంత రుద్దినా పసుపు రాదు, చుట్టుపక్కల ఉన్న పసుపు కూడా పోతుంది.

ఏమేం కావాలి

పాత బనీన్ గుడ్డలు, మెత్తటి టూత్ బ్రష్, ఇయర్ బడ్స్, కొబ్బరి చీపురు పుల్లలు, గిన్నెలు తోమే లిక్విడ్, తెల్ల పళ్ళపొడి, మెడికల్ షాపులో సర్జికల్ స్పిరిట్, కొంచెం అసిటోన్, కుట్టుమిషన్ ఆయిల్, వంటసోడా, చేతులకు గ్లవ్స్. ఒక లీటరు బ్యాటరీ వాటర్ (బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్, యాసిడ్ కాదు) కూడా కొనండి, మెకానిక్ షాపుల దగ్గర దొరుకుతుంది. మన బోరు నీళ్ళలో ఉప్పు, సున్నం ఎక్కువ, కుళాయి కింద బకెట్ అంచుకు పట్టే తెల్లటి పొర చూస్తూనే ఉంటాం కదా, అదే గొళ్ళెం మీద మచ్చలు మచ్చలుగా మిగిలిపోతుంది. కడిగేది దేంతో కడిగినా చివరిసారి మాత్రం బ్యాటరీ వాటర్‌తో తుడవండి.

ఇంట్లో ఉన్నా వాడకూడనివి: ఆకుపచ్చ స్క్రబ్బర్ (అందులో ఉన్న రాపిడి పొడి పూతను నిమిషంలో గీకేస్తుంది), స్టీలు పీచు, ఎమిరీ పేపర్, ఇసుక కలిసిన ముగ్గుపిండి, ఇటుక పొడి, బూడిద, బాత్రూం యాసిడ్. యాసిడ్ పోస్తే మొదటి క్షణం బ్రహ్మాండంగా మెరుస్తుంది, ఆ వీడియోలు చూసే చాలామంది మోసపోతారు, పూతకున్న కంటికి కనిపించని సందుల్లోంచి అది లోపలి ఇనుములోకి దిగి నాలుగు రోజుల్లో ఎర్రటి తుప్పు పైకి పొంగుతుంది.

విప్పాలా, అట్లాగే ఉంచి చేయాలా

స్క్రూలతో బిగించి ఉంటే విప్పడమే మేలు. విప్పే ముందు ఫోన్‌తో నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి, ఒక కాగితం మీద పెట్టె బొమ్మ గీసి ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడ టేపుతో అంటించండి, పాత స్క్రూలు పొడవులో ఒకదానికొకటి సరిపోవు. బిగుసుకుపోయిన స్క్రూని బలవంతంగా తిప్పొద్దు. ఒక చుక్క మిషన్ ఆయిల్ వేసి రాత్రంతా వదిలేయండి, పొద్దున గాడికి సరిగ్గా నిండే స్క్రూడ్రైవర్‌తో గట్టిగా కిందికి నొక్కుతూ తిప్పండి. చిన్న స్క్రూడ్రైవర్ పెడితే జారి పక్కన పూత మీద గీత పడుతుంది.

రివిట్లతో కొట్టినవైతే విప్పొద్దు. డ్రిల్లుతో రివిట్లు తీసేస్తే మళ్ళీ అదే రకం దొరకడం కష్టం, పైగా పాత తోలూ అట్టా రెండోసారి దెబ్బను తట్టుకోవు. ఉన్నచోటే చేయాలి కాబట్టి చుట్టుపక్కల కాపాడుకోవాలి. దీనికి నాకు బాగా నచ్చిన చిట్కా పాత ఎక్స్-రే ఫిల్మ్. ప్రతి ఇంట్లో బీరువా మీద ఒక కవరు ఉంటుంది, మళ్ళీ డాక్టరుకు చూపించనవసరం లేనిది ఒకటి తీసుకుని గొళ్ళెం ఆకారంలో మధ్యలో కత్తిరించి తొడిగేయండి. మాస్కింగ్ టేపు కన్నా ఇదే నయం, టేపు పీకినప్పుడు పాత రంగూ కాగితం లైనింగూ కూడా ఊడొస్తాయి. ఇంకో మాట, పాత ట్రంకు పెట్టెల రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది, ఆ రంగును పొడిగా గీకి దుమ్ము లేపకండి, పిల్లలు దగ్గర ఉంటే అసలే వద్దు.

మొదట సబ్బు నీళ్ళు మాత్రమే

మీరు చిలుము అనుకుంటున్నదాంట్లో సగం చిలుము కాదు. చేతి జిడ్డు, వంటింటి పొగ, సాంబ్రాణి మసి, ఆయుధపూజకు పెట్టిన పసుపు కుంకుమ, ఏళ్ళ తరబడి దుమ్ము, అన్నీ కలిసి గట్టిపడ్డ పొర. ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో నాలుగు చుక్కల లిక్విడ్ వేసి, బ్రష్‌ను అందులో ముంచి, విదిలించి, సగం తడి మాత్రమే ఉన్నప్పుడు తోమండి. నీళ్ళు కారకూడదు. రేకు కిందికి నీళ్ళు దిగితే లోపల చెక్కా ఇనుమూ తడిసి ఉండిపోతాయి, బయట ఎంత తుడిచినా లాభం లేదు. తర్వాత బ్యాటరీ వాటర్‌లో తడిపి పిండిన గుడ్డతో రెండుసార్లు తుడిచి, పొడిగుడ్డ, ఆ తర్వాత హెయిర్ డ్రయ్యర్ ఉంటే సన్నటి వేడితో, లేకపోతే ఫ్యాను కింద ఆరబెట్టండి.

ఆరాక వెలుతుర్లో పెట్టి చూడండి. చాలాసార్లు పని ఇక్కడే అయిపోతుంది. ఇంకా మెరవలేదే అని అసంతృప్తి ఉంటుంది, నిజమే, కానీ అరవై ఏళ్ళ పెట్టె గొళ్ళెం నిన్న కొన్నట్టు మెరిస్తే పెట్టెకూ దానికీ పొంతన కుదరదు, పాత సామాన్లు కొనేవాళ్ళు కూడా అట్లా తోమేసినదానికి ధర తగ్గిస్తారు. కొంచెం నలుపు దానికి అందమే.

తోలు సూట్‌కేసుల మీద రివిట్ల చుట్టూ ఆకుపచ్చగా, మైనంలా మెత్తగా ఏదో పేరుకుని ఉంటుంది. తోలుకు పట్టించిన నూనెలూ కొవ్వులూ ఇత్తడిలోని రాగితో కలిసి తయారైన పదార్థం అది. దీన్ని నీళ్ళతో తోమితే పోదు, తోలు పాడవుతుంది. కొబ్బరి పుల్ల మొన చెక్కి మెల్లగా ఎత్తేయండి, మిగిలినదాన్ని స్పిరిట్ అద్దిన ఇయర్ బడ్‌తో తుడవండి, తోలుకు స్పిరిట్ తగలకుండా. తోలుకు నూనె పట్టిస్తూ ఉన్నంతకాలం ఇది మళ్ళీ మళ్ళీ వస్తుంది, కాబట్టి రివిట్ల చుట్టూ ఒక వేలు వెడల్పు వదిలి పట్టించండి.

లక్కర్ ఉందా చూడండి

కొత్తగా ఉన్నప్పుడు ఇత్తడి పూత మీద నల్లబడకుండా పారదర్శకమైన లక్కర్ కొడతారు. అది బాగున్నంతకాలం కింద ఇత్తడికి ఏమీ కాదు. ఎక్కడో గీత పడి పగిలితే ఆ సందులోంచి తేమ దూరి, లక్కర్ కిందే నల్లటి గీతలు సాలెగూడులా పాకుతాయి. పైనుంచి ఎంత తోమినా ఆ గీతలు కదలకపోతే కారణం అదే, మీరు తోముతున్నది లక్కర్‌ను, నలుపు దాని కింద ఉంది.

లక్కర్ దాదాపు అంతా బాగుండి ఒకటి రెండు మచ్చలే ఉంటే ఉంచేయండి. సగం పైగా పోయి ఉంటే పూర్తిగా తీసేయడమే మంచిది. దూదిని అసిటోన్‌తో తడిపి ఆ భాగం మీద ఒక నిమిషం ఆనించి ఉంచండి, మెత్తబడ్డాక ఒకే దిక్కుగా తుడిచేయండి, ప్రతి తుడుపుకూ దూది మార్చండి. అసిటోన్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది, రంగును లేపేస్తుంది, తోలు రంగును పీల్చేస్తుంది, అన్నిటికన్నా ముఖ్యంగా భగ్గున అంటుకుంటుంది. పూజగదిలో దీపం వెలుగుతుండగా పక్కగదిలో ఈ పని పెట్టుకోకండి. వరండాలోనో మేడ మీదో కూర్చోండి.

ఇప్పుడు నలుపు తీయడం

దీనికి నేను చెప్పేది తెల్ల పళ్ళపొడి. అందులో ఎక్కువ భాగం మెత్తటి కాల్షియం కార్బొనేట్, మ్యూజియంలలో ఇత్తడి వస్తువులకు వాడే సుద్దపొడి కూడా అదే పదార్థం, ఇత్తడికన్నా గట్టిది కాదు కాబట్టి గీతలు పెద్దగా పడవు. పేస్టు వద్దు, ఇప్పుడొచ్చే పేస్టుల్లో చాలావాటిలో సిలికా ఉంటుంది, అది గట్టిది. ఎర్ర పళ్ళపొడి కూడా వద్దు.

చెంచా పొడిలో స్పిరిట్, బ్యాటరీ వాటర్ సమానంగా కొన్ని చుక్కలు కలిపి మీగడలా చేయండి. బనీన్ గుడ్డను చూపుడువేలికి చుట్టి కొంచెం అద్ది, వేలి బరువు తప్ప ఇంకేమీ మోపకుండా, నిలువుగా ముందుకూ వెనక్కూ తుడవండి. గుండ్రంగా తిప్పకండి, తిప్పితే వలయాలు కనబడతాయి. పది తుడుపులు, తర్వాత పక్కనున్న చోటికి. గుడ్డ నల్లబడుతుంది, ఆ నలుపులో చిలుముతో పాటు కాస్త ఇత్తడి కూడా ఉంది అని గుర్తుపెట్టుకోండి. గుడ్డ మార్చి మళ్ళీ ఒక్క విడత. రెండోసారి నలుపు తగ్గిందా, ఆపేయండి.

ఉబ్బెత్తుగా పూలూ తీగలూ అచ్చుగుద్దిన రేకుల మీద పూత ముందు పోయేది ఆ ఉబ్బెత్తుల కొనల మీదే, మూలరేకుల్లో అంచుల మీద. వాటి మీద వేలు ఆనించకుండా గుంతల్లో మాత్రం ఇయర్ బడ్‌తో తుడవండి. గుంతల్లో కొంచెం నలుపు మిగలనివ్వండి, ఆ నలుపు ఉంటేనే పువ్వు పువ్వులా కనబడుతుంది.

పని జరుగుతుండగా రంగు మీద కన్నేసి ఉంచండి. పసుపులోంచి తెల్లటి మెరుపు తొంగిచూసిందంటే కింద నికెలో ఇనుమో వచ్చేసింది, అదే క్షణం ఆపాలి. గులాబీ రంగు తిరిగిందంటే కథ వేరే. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. పులుపు ఎక్కువసేపు ఉంటే, అందులో ఉప్పు కూడా కలిస్తే, జింకు ముందు కరిగిపోయి పైన రాగి మిగిలిపోతుంది, గులాబీ రంగు ఆ రాగిది. బిందె మీద అయితే ఇంకో నాలుగు తోముళ్ళతో అది పోతుంది, పూత మీద తోమడానికి ఇంకో నాలుగు తోముళ్ళంత మందమే లేదు. చింతపండుతో చిక్కు ఇదే, చింతపండు చెడ్డదని కాదు. అందులోని టార్టారిక్ ఆమ్లం చిలుమును కరిగించడంలో మంచి పనిమంతురాలు, కానీ ఎక్కడ ఆపాలో దానికి తెలియదు.

మొండి ఆకుపచ్చ మచ్చ ఒకటి రెండు ఎంతకీ పోకపోతే, ఆ ముక్క పెట్టె నుంచి విప్పి చేతిలో ఉంటే, ఇనుము ఎక్కడా బయటపడకపోతే, అప్పుడు మాత్రం పలచటి చింతపండు నీళ్ళు, ఉప్పు లేకుండా, బడ్‌తో మచ్చ మీద మాత్రమే అద్ది అరనిమిషం ఆగి తుడిచేయండి. వెంటనే వంటసోడా కలిపిన నీళ్ళతో తుడిచి పులుపు విరిచేయాలి, తర్వాత బ్యాటరీ వాటర్, తర్వాత ఆరబెట్టడం. ఈ నాలుగూ వరసగా ఐదు నిమిషాల్లో అయిపోవాలి, మధ్యలో ఫోన్ వచ్చినా ఎత్తకండి.

సీసాల్లో దొరికే మెటల్ పాలిష్‌ల సంగతి చాలామంది అడుగుతారు. రాపిడి పొడి ఉంటుంది, కొన్నిట్లో అమోనియా కూడా. గట్టి ఇత్తడికి బాగా పనిచేస్తాయి, పూతకు నేను వాడను. అమోనియాకూ ఇత్తడికీ పాత వైరం ఉంది. బ్రిటిష్ ఇండియా సైన్యంలో వానాకాలం గుర్రపుశాలల్లో దాచిన తూటాల ఇత్తడి తొడుగులు వాటంతటవే పగిలిపోయేవి, గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమోనియానే దానికి కారణమని 1921లో తేలింది. సాగదీసి, వంచి తయారుచేసిన పలచటి ఇత్తడిలో లోపల బిగువు మిగిలి ఉంటుంది, అమోనియా తగిలితే అక్కడ చీలిక వస్తుంది. సూట్‌కేసు క్లిప్పుల్లో స్ప్రింగు ముక్క గట్టి ఇత్తడిదే అయినా ఈ కారణంగా దాని మీద అట్లాంటి పాలిష్ వదిలేయకండి.

తుప్పు పట్టిన చోట

2021 నవంబరు వానలకు తిరుపతిలో ఇళ్ళలోకి నీళ్ళొచ్చినప్పుడు మంచాల కింద ఉన్న పెట్టెలు ఎన్ని తడిశాయో లెక్క లేదు. అట్లా తడిసినవాటి గొళ్ళేల మీద పసుపు మధ్యలో ఎర్రటి చుక్కలు కనబడతాయి. ఆ చుక్క పైన పట్టింది కాదు, లోపలి ఇనుము పూతను తోసుకుని బయటికొచ్చింది. కాబట్టి చుట్టూ ఉన్న పూత కూడా లోపల వదులైపోయి ఉంటుంది, గీకితే పొరలుగా లేచిపోతుంది.

కొబ్బరి చీపురు పుల్ల కొన నలగ్గొట్టి కుంచెలా చేసి దాంతో చుక్క మీది వదులు తుప్పును మాత్రమే రాల్చండి. పిన్నీసు వద్దు, బ్లేడు వద్దు. ఆ తర్వాత రెండు దారులు. చుక్కలు చిన్నవైతే ఒక్కోదాని మీద మిషన్ ఆయిల్ సూదిమొనంత పెట్టి రాత్రి వదిలేసి పొద్దున తుడవండి, మూడు నాలుగు రాత్రులు ఇట్లా చేస్తే చాలావరకు శాంతిస్తుంది.

తుప్పు మచ్చలు పెద్దవైతే నాకు నమ్మకమైనది కరక్కాయ. ఇందులో మంత్రం ఏమీ లేదు, పక్కనే శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ళు తరతరాలుగా వాడుతున్న కెమిస్ట్రీనే. బట్టను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు, తర్వాత ఇనుప ముక్కలూ బెల్లమూ పులియబెట్టిన కసిమితో గీత గీస్తే ఆ గీత నల్లగా తేలుతుంది. కరక్కాయలోని టానిన్లు ఇనుముతో కలిస్తే నలుపు. తుప్పు కూడా ఇనుమే కదా, దాని మీద అదే జరుగుతుంది, ఎర్రగా రాలే తుప్పు నల్లటి గట్టి పొరగా మారుతుంది. పసుపు మీద నల్లచుక్క పాతదనంలో కలిసిపోతుంది, ఎర్రచుక్క అయితే దూరం నుంచే కనబడుతుంది.

నాటుమందుల అంగట్లో కరక్కాయలు తెచ్చి, గింజ తీసేసి, మూడు నాలుగు పెచ్చులు దంచి గ్లాసు నీళ్ళలో సగమయ్యేదాకా మరిగించి వడగట్టండి. చల్లారాక బడ్‌తో తుప్పు మీద మాత్రమే అద్దండి. కాసేపట్లో నీలం కలిసిన నలుపు తిరుగుతుంది. ఆరాక ఇంకోసారి. తర్వాత తడిగుడ్డతో చుట్టూ తుడిచి బాగా ఆరబెట్టండి. ఆయిల్ పెట్టిన చుక్క మీద కరక్కాయ పనిచేయదు, నీళ్ళు జారిపోతాయి, కాబట్టి ఏదో ఒక దారే ఎంచుకోండి, లేదా ముందు స్పిరిట్‌తో ఆయిల్ పూర్తిగా తీసేయండి. బట్టల మీద పడితే మరక పోదు, చెక్క మీద ఇనుప మేకు దగ్గర పడితే అక్కడా నల్లబడుతుంది. ఎక్స్-రే ఫిల్మ్ తొడిగే ఉంచండి.

పూత పూర్తిగా పోయి ఉంటే

ఇంట్లో చేయగలిగేది ఏమీ లేదు, మైనం పట్టించి అట్లాగే ఉంచుకోవడం తప్ప. బంగారు రంగు ఎనామెల్ పెయింటు వేయొద్దని నా మాట, వేసిన రోజు ధగధగా మెరుస్తుంది, ఏడాదికల్లా పెచ్చులూడుతుంది, ఊడినచోట అక్కడక్కడ మిగిలిన అసలు పూతను కూడా పట్టుకెళ్తుంది. వీడియోలు చూసి బ్యాటరీ, వైర్లు పెట్టుకుని ఇంట్లో ఇత్తడి ప్లేటింగ్ మొదలుపెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. రాగీ జింకూ రెండూ ఒకేసారి పూత పట్టడానికి ప్లేటింగ్ వర్క్‌షాపుల్లో సాధారణంగా వాడేది సైనైడ్ ద్రావణాలు, అది వంటింటి పక్కన చేసే పని కాదు.

మళ్ళీ పూత వేయించాలనే ఉంటే ఎలక్ట్రోప్లేటింగ్ యూనిట్‌కు ఇవ్వండి. తిరుపతి నుంచి చెన్నై సుమారు 135 కిలోమీటర్లు, అంబత్తూరు పారిశ్రామికవాడ వైపు ఇట్లాంటి యూనిట్లు ఉన్నాయి. ఒక్క గొళ్ళేనికి అంత దూరం వెళ్ళడం దండగ, పెట్టె మొత్తం సామాను విప్పి ఒకేసారి ఇవ్వండి. ఇచ్చేముందు మూడు సంగతులు అడగండి: పాత పూత యాసిడ్‌తో తీస్తారా, బఫింగ్ ఎంత చేస్తారు (అంటే యంత్రంతో మెరుగు పెట్టడం, ఎక్కువ చేస్తే అచ్చుగుద్దిన పూలు చదునైపోతాయి), పైన లక్కర్ కొడతారా. తుప్పు తిన్న గుంతలు ప్లేటింగ్ తర్వాత కూడా గుంతలుగానే కనబడతాయి, అది వాళ్ళ తప్పు కాదు. స్ప్రింగు ఉన్న క్లిప్పుల్ని స్ప్రింగుతో సహా ఇవ్వొద్దు, యాసిడ్ స్నానం తర్వాత స్ప్రింగు ఉక్కు పెళుసుబారి విరిగిపోవచ్చు.

మైనం పట్టించడం

శుభ్రం చేసిన ఇత్తడి, ముట్టని ఇత్తడికన్నా తొందరగా నల్లబడుతుంది, పైన కాపు లేదు కాబట్టి. గ్లవ్స్ వేసుకుని స్పిరిట్‌తో చివరిసారి తుడిచి, వేలిముద్రలు పడకుండా, అదే రోజు మైనం పట్టించండి. వేలిముద్ర తేలిగ్గా తీసుకోకండి, చెమటలోని ఉప్పు రెండు నెలల్లో అచ్చు వేలిముద్ర ఆకారంలోనే నల్లగా తేలుతుంది.

రాపిడి లేని కార్ వాక్స్ చాలు. డబ్బా మీద క్లీనర్ అనో కాంపౌండ్ అనో ఉంటే అది వేరే సరుకు, కొనొద్దు. సన్నటి పొర రాసి, పదిహేను నిమిషాలాగి, మెత్తటి గుడ్డతో తుడిచి, మర్నాడు ఇంకో పొర. పెద్దవాళ్ళు కొబ్బరినూనె రాయమంటారు. రాసిన వారం నిగనిగలాడుతుంది, కానీ నూనెలోని కొవ్వు ఆమ్లాలు రాగితో కలిసి నెమ్మదిగా ఆకుపచ్చ జిడ్డుగా మారతాయి, ఇందాక తోలు పెట్టె రివిట్ల దగ్గర చెప్పుకున్నది ఇదే. స్ప్రే లక్కర్ కొట్టుకోవచ్చు, ముక్క విప్పి చేతిలో ఉంటే. వానాకాలంలో, ముఖ్యంగా కార్తీకం ముసురులో కొట్టకండి, గాలిలో తేమకు లక్కర్ పాలు కలిసినట్టు తెల్లబారుతుంది.

బందుల కీలులో ఒక చుక్క మిషన్ ఆయిల్. తాళం రంధ్రంలో మాత్రం నూనె ఏదీ వద్దు, దుమ్ము పట్టి జిగురవుతుంది. మెత్తటి 4బీ పెన్సిల్ ముల్లు గీకి ఆ పొడిని తాళంచెవికి పట్టించి నాలుగుసార్లు తిప్పండి, తిరగని తాళాలు కూడా చాలాసార్లు దారికొస్తాయి.

తిరిగి బిగించేటప్పుడు మొదట అన్ని స్క్రూలూ సగం వరకే బిగించి, మూత వేసి గొళ్ళెం సరిగ్గా కొక్కెంలో పడుతుందో లేదో చూసుకుని, అప్పుడు చివరిదాకా బిగించండి. పెట్టె లోపల కాగితాల కట్టకు రబ్బరు బ్యాండ్లు ఉంటే తీసేయండి, రబ్బరులోని గంధకం ఇత్తడిని నల్లబరుస్తుంది. ఆయుధపూజ నాడు బొట్టు పెట్టుకోండి, ఎవరూ వద్దనరు, కానీ గొళ్ళెం పక్కన రేకు మీద పెట్టండి, మర్నాడు పొడిగుడ్డతో తుడిచేయండి, తడి పసుపు ఏడాదంతా అంటుకుని ఉంటే దాని కింద తేమ నిలిచి గుండ్రటి మచ్చ పడుతుంది. మైనం ఆరు నెలలకొకసారి మళ్ళీ పట్టించండి, ఒకటి మన వైపు పెద్ద వానలు మొదలయ్యేముందు సెప్టెంబరులో అయితే సరిగ్గా ఉంటుంది. పళ్ళపొడి జోలికి మాత్రం ఏళ్ళ తరబడి వెళ్ళాల్సిన పని ఉండదు.